ఐదుసార్లు టిక్ పెట్టారు, ఒక్కసారీ కత్తిరించలేదు

కస్టమర్ సేవల విభాగం అధికారి గారికి,

విషయం: గ్రూమింగ్‌లో మా కుక్క డ్యూక్లాలను (పాదానికి పైన, లోపలి వైపు బొటనవేలిలా ఉండే వేళ్ల గోళ్లను) కత్తిరించకుండా వదిలేయడం, గోరు చర్మంలోకి దిగి పుండు పడడం గురించి ఫిర్యాదు.

అయ్యా / అమ్మా,

మా కుక్క పేరు చిన్ని, లాసా ఆప్సో జాతిది, తొమ్మిదేళ్లది. ఏడు నెలలుగా దానికి స్నానం, జుట్టు, గోళ్లు అన్నీ మీ దగ్గరే చేయిస్తున్నాం. ఇప్పటికి ఐదుసార్లు తీసుకొచ్చాం. ప్రతిసారీ మీవాళ్లు చేతికిచ్చిన కార్డులో 'గోళ్లు' అన్నచోట టిక్ ఉంది. ఆ టిక్‌ని నమ్మి నేను మళ్లీ దాని కాళ్లు పట్టి చూడలేదు. చూసి ఉండాల్సింది. ఆ బాధ నాకు ఉంది.

మూడు వారాల కిందట చిన్ని ఎడమ ముందుకాలిని అదేపనిగా నాకడం మొదలుపెట్టింది. నాకి నాకి అక్కడి తెల్ల వెంట్రుకలు తుప్పు రంగుకు తిరిగాయి. దురదేమో అనుకున్నాం. మూడోరోజు మెట్టు దిగబోయి, ఆ కాలు ఆనించలేక పైకెత్తుకుని నిలబడిపోయింది. ఒళ్లో కూర్చోబెట్టుకుని దువ్వెనతో వెంట్రుకలు పాయలు తీసి చూశాను. పాదానికి కాస్త పైన, లోపలి వైపు, మన బొటనవేలిలా ఉండే ఆ డ్యూక్లా గోరు ఉంగరంలా గుండ్రంగా చుట్టుకుని, కొన వెనక్కి తిరిగి చర్మంలోకి దిగిపోయింది. చుట్టూ ఎర్రగా వాచి రసి కారుతోంది. వేలు దగ్గరికి తీసుకెళ్లగానే, పుట్టిన దగ్గర్నుంచీ ఎవరిమీదా గుర్రుమనని కుక్క నాకు పళ్లు చూపించింది. కుడికాలి గోరు ఇంకా గుచ్చుకోలేదు గానీ, దానికీ చర్మానికీ మధ్య కాగితం దూరేంత సందే మిగిలింది.

డాక్టర్ గారు మత్తు సూది ఇచ్చి కత్తిరించాల్సి వచ్చింది. అంతగా చుట్టుకున్నాక, రంధ్రంలోకి గోరు దూర్చి కోసే కట్టర్ ఎక్కడా పట్టదు. కత్తెర రకంతోనే కోసి, లోపల ఉండిపోయిన ముక్కను మెల్లగా బయటికి తీశారు. పుండు కడిగి, యాంటీబయాటిక్స్ రాసి, నాకకుండా మెడకు కోన్ వేశారు. ఇంట్లో మేమే లాగి తీయబోయి ఉంటే ఇంకా చెడేదన్నారు.

ఆ సాయంత్రమే మీ సెంటర్‌కి ఫోన్ చేశాను. వచ్చిన జవాబే ఈ ఉత్తరం రాయించింది. "డ్యూక్లా నేలకు ఆనదు కదండీ, దాన్ని మేం ముట్టుకోం" అన్నారు. నేలకు ఆనదు కాబట్టే అది అరగదు! మిగతా గోళ్లు నడకలో ఎంతో కొంత అరుగుతాయి. దీన్ని కత్తిరించే దిక్కు మనిషి ఒక్కడే. అందులోనూ చిన్ని లాంటి గుబురు జుట్టు కుక్కల్లో అది వెంట్రుకల కింద దాక్కుంటుంది, వెతికితే తప్ప కనపడదు. వెతకడానికే కదా మీకు అప్పగించేది.

తర్వాత, గోరు నల్లగా ఉంది, క్విక్ కనిపించదు, రక్తం వస్తుందని భయం అన్నారు. ఆ భయం న్యాయమైనదే. గోటి లోపల రక్తనాళం, నరం ఉన్న ఆ భాగం తెగితే కుక్కకు ప్రాణం పోయినంత నొప్పి. కానీ నల్ల గోరుకీ పద్ధతి ఉంది: ఒకటి రెండు మిల్లీమీటర్ల చొప్పున తీస్తూ, కోసిన ముఖం చూసుకుంటూ, మధ్యలో ముదురు చుక్క కనిపించగానే ఆపాలి. పొరపాటున రక్తం వస్తే, దాన్ని ఆపే స్టిప్టిక్ పౌడర్ అద్ది కాసేపు నొక్కి పట్టుకోవాలి. అయినా ధైర్యం చాలకపోతే "ఇవి కత్తిరించలేదు, డాక్టర్‌కి చూపించండి" అని మాకొక మాట చెప్పాలి. టిక్ పెట్టకూడదు.

"ఆ వేళ్లు తీయించేస్తే గొడవే ఉండదు" అని చివర్లో ఒక సలహా కూడా ఇచ్చారు. ముందుకాలి డ్యూక్లా ఎముకతో, కీలుతో ఉన్న అసలైన వేలు. చిన్ని తాడుబొమ్మను కొరికేటప్పుడు జారకుండా అదిమి పట్టేది ఆ రెండు వేళ్లతోనే. గోరు కత్తిరించడానికి బద్ధకమైతే వేలు తీసేస్తారా?

పుండు మానుతోంది. కానీ గోరు పెరిగేకొద్దీ లోపలి క్విక్ కూడా ముందుకు సాగుతుంది. అందుకే కుడి గోరును ఒక్కసారే పొట్టి చేయడం కుదరలేదు. ఇప్పుడు వారం వారం చిటికెడంత తీస్తూ, క్విక్ వెనక్కి తగ్గేదాకా ఆగాలి. కాలు పట్టుకుంటే చాలు చిన్ని వణుకుతోంది. అలా వణుకుతున్న కుక్కకే ఇక నుంచి ఆ పని చేయాలి.

స్నానం చేయించే అమ్మాయి చిన్నిని ప్రేమగానే చూసుకుంటుంది. ఆమెమీద చర్య తీసుకోమని నేను అడగడం లేదు. నేర్పాల్సిన బాధ్యత మీది. నేను అడిగేది వైద్యం ఖర్చు మొత్తం తిరిగి ఇవ్వడం. దాంతోపాటు మీ కార్డులో డ్యూక్లాలకు విడిగా గడి పెట్టండి, కత్తిరించకపోతే కారణం రాయండి. కొన్ని కుక్కలకు వెనక కాళ్లకీ ఉంటాయి, అవీ చూడాలి. అన్నిటికన్నా ముందు, మీ దగ్గరికి వచ్చే గుబురు జుట్టు కుక్కల యజమానులందరికీ ఈ వారంలోనే ఫోన్ చేసి, ఆ గోళ్లు ఒకసారి చూసుకోమని చెప్పండి. చిన్నిలాగే ఇంకెన్ని నాక్కుంటున్నాయో.

ఐదు కార్డుల ఫొటోలు, కాలి ఫొటోలు, డాక్టర్ గారి చీటీ, బిల్లులు జతచేశాను. పదిహేను రోజుల్లోగా రాతపూర్వకంగా జవాబు ఇవ్వండి.

ఇట్లు,
చిన్ని యజమాని