మొక్క వాడిందని నీళ్లు పోయకండి

సంపాదకులకు నమస్కారం.

మొన్న ఆదివారం అనుబంధంలో ఇంట్లో పెంచుకునే మొక్కల మీద వేసిన పేజీ చదివాను. ఏ మొక్క ఏ గదిలో బాగుంటుందో వివరంగా రాశారు. నీళ్ల దగ్గరికి వచ్చేసరికి మాత్రం ‘రోజూ కొద్దిగా పోయాలి’ అని ఒక్క మాటతో సరిపెట్టారు. వానలకు ముందు తిరుపతి, చిత్తూరు పాఠకులకు ఈ సలహా ఇవ్వడం మంచిది కాదు.

మాకు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు. ముసురు పట్టిందంటే కిటికీలు తీయం, ఎండ మొహం కనపడదు, కుండీలో తడి ఆరదు. నీళ్లు నిలిచిన మట్టిలో వేళ్లకు గాలి ఆడదు. అలా నీరసించిన వేళ్లకు పిథియం, ఫైటోఫ్తొరా లాంటి తెగుళ్లు పట్టి కుళ్లబెడతాయి. వేరు కుళ్లాక మట్టిలో ఎంత తడి ఉన్నా పైకి అందదు, ఆకులు వాడతాయి. అది చూసి పాపం ఇంకో చెంబు పోస్తారు.

మా కింది ఇంటి అమ్మాయికి గృహప్రవేశంలో ఎవరో స్నేక్ ప్లాంట్ ఇచ్చారు. "రోజూ పోస్తానే ఉండాను కదక్కా, అయినా వాలిపోతా ఉంది" అంటూ చెత్తబండిలో వేయబోతుంటే ఆపాను. ఇద్దరం కలిసి కుండీ బోర్లించాం. మంచి ఖరీదైన సెరామిక్ కుండీయే, అడుగున చిల్లు లేదు. గుప్పున మురుగు వాసన. ఒక వేరు పట్టి లాగితే పైతోలు జారి చేతికొచ్చేసింది, లోపల దారం లాంటి పోగు మిగిలింది. వేరుకుళ్లుకు అంతకంటే గట్టి గుర్తు లేదు. బాగున్న వేరు గట్టిగా ఉంటుంది, అలా ఊడిరాదు.

స్పిరిట్‌తో తుడిచిన కత్తెరతో మెత్తబడినవన్నీ, దుంపలో కుళ్లిన ముక్కతో సహా, కోసేశాం. కోసిన చోట ఆరేదాకా నీడలో ఉంచాం. పాత మట్టి పారబోసి, ఎర్రమట్టిలో ముతక ఇసుక బాగా కలిపి, వేళ్లు పట్టేంత చిన్న మట్టికుండీలో నాటాం. పెద్ద కుండీ అయితే తడి తొందరగా ఆరదు. ఎరువు వేయలేదు, కొత్త వేళ్లు పట్టేదాకా వేయకూడదు. ఇప్పుడు పక్కనే కొత్త పిలక లేచింది. మనీ ప్లాంట్‌కు వేళ్లన్నీ పోయినా భయం లేదు, కణుపుతో తీగ ముక్క కోసి నీళ్లలో పెడితే మళ్లీ వేళ్లు వస్తాయి.

ట్రైకోడెర్మా అనే మేలు చేసే శిలీంధ్రం (బూజు) మన వేరుశనగ రైతులకు బాగా తెలుసు. కుళ్లిన వేరును అది బతికించదు గానీ, కొత్త మట్టిలో కలుపుకుంటే తెగులు రాకుండా కొంత కాపాడుతుంది.

నర్సరీల వాళ్లకు నా మనవి: చిల్లు లేని కుండీలో మొక్క పెట్టి అమ్మకండి. కొనేవాళ్లు ఎక్కువమంది మొదటిసారి పెంచేవాళ్లే. వాళ్లకు నీళ్ల సంగతి ఒక్క నిమిషం చెప్పి పంపండి.

మీ పేజీలో కూడా, వానలు మొదలయ్యేలోపే, ఈ రెండు మాటలు వేయండి: వేలు రెండో కణుపు దాకా మట్టిలో గుచ్చి చూసి, పొడిగా తగిలితేనే నీళ్లు పోయాలి. స్నేక్ ప్లాంట్, జెడ్ జెడ్ ప్లాంట్ లాంటివాటికైతే కుండీ మట్టి పూర్తిగా ఆరాలి.

– ఒక రిటైర్డ్ టీచరు, ఎం.ఆర్.పల్లి, తిరుపతి