నాయన కోసం వచ్చిన అందరికీ

నాయన పెద్దకర్మ మొన్న అయిపోయింది. ఆ రోజు వచ్చినవాళ్ళలో సగం మందితో కూడా సరిగ్గా మాట్లాడలేకపోయాం, కొందరు తిన్నారో లేదో కూడా చూసుకోలేదు. అందరికీ పేరుపేరునా చెప్పమంది అమ్మ. పేర్లు రాస్తే ఎవరో ఒకరు తప్పిపోతారని పేర్లు లేకుండానే రాస్తున్నాను, ఎవరి సంగతి వాళ్ళకి తెలుస్తుంది.

ముందు ప్లేట్‌లెట్లు ఇచ్చిన పిల్లలకి. నాయనకి బ్లడ్ క్యాన్సర్ అని ఇక్కడ చెప్పగానే మేం నమ్మలేక వేలూరుకి పరిగెత్తాం (మన జిల్లావాళ్ళకి పెద్ద జబ్బంటే వేలూరే కదా), అక్కడా అదే మాట చెప్పి, వైద్యం తిరుపతిలోనే చేయించుకోండి అన్నారు. అక్కడినుంచి మా టెన్షనంతా ప్లేట్‌లెట్లదే. నాయనది బి నెగటివ్. మామూలు రక్తమైతే పది నిమిషాల పని, ఇదైతే మిషను పక్కన గంటకు పైగా చెయ్యి కదపకుండా ఉండాలి, పైగా ఐదు రోజులకు మించి నిల్వ ఉండవు కాబట్టి ముందుగా తీసి పెట్టుకుందామన్నా కుదరదు. రాత్రిపూట ఫోన్ చేసినా ఎస్వీ యూనివర్సిటీ హాస్టల్ నుంచి పిల్లలు వచ్చారు, పొద్దున్నే పరీక్ష ఉందని కూడా చెప్పలేదు. ఒకబ్బాయి ముందురోజు ఆస్పిరిన్ వేసుకున్నాడని వద్దన్నారు. వెళ్ళిపోవచ్చు కదా, వెళ్ళలేదు, ఇంకో బి నెగటివ్‌వాడు దొరికేదాకా వరండాలో నిలబడి ఫోన్లు చేస్తూనే ఉన్నాడు. నాయనా, నువ్వెవరి బిడ్డవో గానీ చల్లగా ఉండు.

నాయన డ్రైవర్‌గా చేసిన అలిపిరి బస్సు డిపో బాబాయిలకి ఏం చెప్పాలో తెలియడం లేదు. ఆస్పత్రిలో రాత్రిళ్ళు వంతులు వేసుకుని పడుకున్నారు, గోవిందధామం శ్మశానంలో మా తమ్ముడి చెయ్యి వదలకుండా అన్నీ దగ్గరుండి చూసుకున్నారు. అయితే నాకు అంతకన్నా ఎక్కువ అనిపించింది మీరు చెప్పిన కబుర్లు. నాయన ఇంట్లో డ్యూటీ సంగతులు చెప్పే మనిషి కాదు. బస్సు లేటయింది అనేవాడు, కంచం ముందు కూర్చునేవాడు, అంతే. ఒకసారి కొండమీద నుంచి ఆఖరు ట్రిప్పులో దిగిన ఒక తమిళ అవ్వ తనవాళ్ళ నుంచి తప్పిపోతే, డ్యూటీ దిగాక కూడా ఆమె మనుషులు వచ్చేదాకా శ్రీనివాసం సత్రం దగ్గర కూర్చున్నాడట, ఆమెకి ఇడ్లీ కొనిచ్చి, తనకొచ్చిన నాలుగు అరవం మాటలతో ధైర్యం చెప్తూ. కండక్టర్ బాబాయి ఇది చెప్తుంటే అమ్మ ఏడుపు ఆపి, "ఆ రోజు అన్నం ఎందుకు తినలేదని నేను గొడవ పెట్టుకున్నానే" అంది. అందరం నవ్వాం. చావింట్లో నవ్వు ఏంటని ఎవరైనా అనుకుని ఉంటే అనుకోనీ.

కొత్తగా వచ్చిన డ్రైవర్లకి నాయన దగ్గరే ఘాట్ అలవాటైందని ఇద్దరు ముగ్గురు చెప్పారు. దిగేటప్పుడు బ్రేకు మీద కాలు పెట్టుకుని కూర్చుంటే డ్రమ్ములు వేడెక్కి అసలు సమయానికి పట్టవు, గేరు మీదే దిగాలి అని తిట్టి తిట్టి నేర్పించాడట. 1944లో వేసిన ఆ పాత ఘాట్ రోడ్డు ఆయనకి మా ఇంటి మెట్లకన్నా బాగా తెలుసు. రిటైరయ్యాక, 2022లో కొండకి కరెంటు బస్సులు వచ్చినప్పుడు అమ్మని తీసుకుని ఎక్కాడు. దర్శనం ఎలా జరిగిందంటే ఆ మాట వదిలేసి, శబ్దమే లేదు, ఇంక డ్రైవర్‌కి బండి ఏమంటోందో ఎలా తెలుస్తుంది అని రెండు రోజులు అదే గోల.

ఐ బ్యాంకు ఆయనకి ప్రత్యేకంగా థాంక్స్. కళ్ళు ఇచ్చేయాలని నాయన ఎప్పటినుంచో అంటుండేవాడు, అందుకే అంత బాధలోనూ తమ్ముడు ఫోన్ చేశాడు. బ్లడ్ క్యాన్సర్ ఉన్నవాళ్ళ కళ్ళు వేరేవాళ్ళకి పెట్టరు, మాకది తెలియదు. ఆయన వద్దని ఫోన్ పెట్టేయకుండా, మీ నాన్నగారి తప్పేం లేదమ్మా అని అమ్మకి నెమ్మదిగా అర్థమయ్యేలా చెప్పారు. అమ్మకి షుగరున్నా తన కళ్ళు పనికొస్తాయని తెలిసి, తన పేరు రాసుకోమని అప్పుడే చెప్పేసింది.

ఇక మా వీధివాళ్ళు. 2021 నవంబరు వానలకి వీధంతా నీళ్ళు నిండినప్పుడు నాయన లుంగీ ఎగగట్టి ఇంటింటికీ పాలు మోశాడని మీరంతా మళ్ళీ మళ్ళీ గుర్తు చేసుకున్నారు. దానికి బాకీ తీర్చినట్టు మా ఇంట్లో పొయ్యి వెలిగించని రోజుల్లో పొద్దున ఉప్మా, మధ్యాహ్నం సంగటి, ఊరిబిండి, రాత్రికి మజ్జిగన్నం, ఎవరింటి నుంచి ఏది వస్తోందో కూడా మాకు తెలియలేదు. మూలింటి అత్త అమ్మ పక్కనే పడుకుంది ఆ రోజులన్నీ. అత్తా, నీకు థాంక్స్ చెప్తే తిడతావని తెలుసు, అయినా చెప్తున్నా.

మీ క్యారియర్లు, గిన్నెలు అన్నీ కడిగి వరండాలో పెట్టాం, పేర్లు లేనివి చాలా ఉన్నాయి, వచ్చి గుర్తుపట్టి తీసుకెళ్ళండి. డిపో బాబాయిలూ, నాయన ఖాకీ చొక్కాలో ఉన్న ఫోటో మా దగ్గర సరైనది ఒక్కటీ లేదు. పాతదైనా, మసకగా ఉన్నా, ఎవరి దగ్గర ఉంటే వాళ్ళు తమ్ముడి నంబరుకి పంపించండి, ఫ్రేము కట్టించాలి.