క్లిప్పులు వేసే ముందు ఒక్క మాట అడగండి

సంపాదకులకు నమస్కారం.

మా అమ్మాయికి పళ్లకు క్లిప్పులు వేయించిన వారానికే పెదవుల లోపలంతా ఎర్రగా కమిలి, మంట మొదలైంది. గిల్టు కమ్మలు పెడితే చెవులు దురదపెట్టి రసి కారే పిల్ల తను. ఆ సంగతి క్లినిక్‌లో ఎవరూ అడగలేదు, చెప్పాలని మాకూ తట్టలేదు. గిల్టు నగల్లో తరచూ ఉండే నికెల్ లోహమే క్లిప్పుల్లోనూ ఉంటుంది. పళ్లకు అతికించే స్టీలు బ్రాకెట్లలో సుమారు 8 శాతం, నికెల్-టైటానియం తీగల్లోనైతే దాదాపు సగం నికెలే. అది లాలాజలంలోకి కొద్దికొద్దిగా దిగుతుంది. రోజూ తిండితో వెళ్లే నికెల్‌తో పోలిస్తే ఇది తక్కువే, అందరూ టెన్షన్ పడక్కర్లేదు. నికెల్ ఎలర్జీ ఉన్న కొందరు పిల్లలకు మాత్రం ఆ కాస్తే చాలు. వాళ్లకు టైటానియం, సిరామిక్ బ్రాకెట్లు ఉన్నాయి. గిల్టు నగలు పడతాయా అని డెంటిస్టులు ముందే అడగాలి. వేసిన తీగ ఏ లోహమో కార్డు మీద రాసివ్వాలి.

– ఒక తల్లి, వరంగల్