టచప్ సంగతి పాపను అడిగావా?

ఒరేయ్ సుబ్బూ,

నీ ఉత్తరం అందింది. సంబంధాలవాళ్లకు పంపడానికి మీ మేనకోడలి ఫొటో తీయమన్నావు, మూతి దగ్గర బొల్లి మచ్చలు కనపడకుండా కాస్త చూడమన్నావు. చెరపడం ఎంతసేపురా? ఇప్పుడు ఫోన్లే అడక్కుండా మొహాన్ని నున్నగా చేసి పారేస్తున్నాయి. కానీ ఆ ఫొటో చూసి వచ్చినవాళ్లు గుమ్మంలో పిల్లను చూసి ఒకళ్ల మొహాలొకళ్లు చూసుకుంటే? అప్పుడు తల దించుకునేది నువ్వూ కాదు, నేనూ కాదు.

రిక్ గైడోటీ అని న్యూయార్క్‌లో ఒక ఫ్యాషన్ ఫొటోగ్రాఫర్. ఓసారి బస్టాపులో అల్బినిజం, అంటే పుట్టుకతోనే ఒంటికీ జుట్టుకూ రంగు సరిగా రాకపోవడం, ఉన్న అమ్మాయిని చూసి, భలే ఉందే అనుకుని, అలాంటివాళ్ల ఫొటోల కోసం వైద్య పుస్తకాలు తిరగేశాడట. అన్నీ గోడ ముందు నిలబెట్టి తీసినవే, కళ్ల మీద నల్ల పట్టీ. ఎవరో తెలియకూడదనే వేస్తారు, తప్పనను. కానీ కళ్లు మూసేశాక ఇక కనపడేది జబ్బే కదా! తర్వాత అతని స్టూడియోకి అలాంటి ఒకమ్మాయి వచ్చింది. బళ్లో అందరూ ఏడిపించీ ఏడిపించీ, భుజాలు ముడుచుకుని నేల చూపులు చూస్తోంది. ఇతను జాలి చూపించలేదు. పేరున్న మోడళ్లకు పెట్టినట్టే లైట్లు పెట్టి, ఫ్యాన్ తిప్పి, అద్దం తెచ్చి ఎదురుగా పట్టాడు. పిల్ల మొహం నవ్వుతో వెలిగిపోయిందట. ఆ వరస ఫొటోలు 1998లో లైఫ్ పత్రికలో వచ్చాయి.

కెనడా మోడల్ విన్నీ హార్లో తెలుసుగా, 2014లో అమెరికా టీవీ పోటీలో కనిపించింది. తనను బొల్లి మోడల్ అనొద్దంటుంది, మోడల్‌నే, బొల్లి కూడా ఉంది, అంతే అంటుంది. నాకూ అదే నచ్చుతుంది. ఇలాంటి ఫొటోల కింద 'ఎంత ధైర్యం!' అని రాసేవాళ్లను చూస్తే చిరాకు. మచ్చలతో బజారుకెళ్లి వంకాయలు తెచ్చుకోడానికి ధైర్యం దేనికిరా?

మనవాళ్లలో ఇంకా దాన్ని తెల్లకుష్టు అనేవాళ్లున్నారు. దానికీ కుష్టుకీ సంబంధమే లేదు, అంటుకోదు. ఒంట్లో రోగనిరోధక శక్తే రంగునిచ్చే కణాల మీద పడుతుంది, అంతే. ఒక్క ఫొటోతో ఆ భయం పోదులే. బట్టల షాపు బోర్డు మీదో, క్యాలెండర్‌లోనో అలాంటి మొహం పదిసార్లు కనపడితే పదకొండోసారి ఎవరూ ఆగి చూడరు.

పనిలో మాత్రం ఒక చిక్కుంది. ఎదురుగా ఫ్లాష్ కొడితే తెల్ల మచ్చ సున్నం పూసినట్టు వచ్చేస్తుంది, అంచులు కూడా తెలియవు. చామనఛాయకు లైటు చూసుకుంటే మచ్చ మరీ తెల్లగా వెలిసిపోతుంది. అందుకే కిటికీ పక్కన కూర్చోబెట్టి, పల్చటి తెర వేసి, మచ్చకు తగ్గట్టు లైటు కొలుస్తాను. నీడ వైపు తెల్ల అట్ట పెడితే చాలు.

ఇంతకీ చెరపమన్నది నువ్వా, పాపా? తనే కావాలంటే మారుమాట లేకుండా చేస్తాను, మొహం తనది. ఆదివారం పొద్దున్నే పంపించు, తనకిష్టమైన చీర కట్టుకు రమ్మను. మీ అక్కను మాత్రం ఇంట్లోనే ఉంచు, పౌడర్ డబ్బాతో వెంటపడుతుంది.

నీ
రాంబాబు