ఆదివారం భోజనం: తొలిసారి సంగటి తినేవారికి

సభ్యులందరికీ నమస్కారం. ఆదివారం మధ్యాహ్నం తిరుపతిలో మనం కలుసుకునే హోటల్లో రాయలసీమ వంటకాలే ఉంటాయి కనుక, కోస్తా నుంచీ తెలంగాణ నుంచీ వచ్చి వాటిని తొలిసారి రుచి చూడబోతున్నవారి కోసం ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

రాగిసంగటిని అన్నంలా కలుపుకొని నమలకూడదు. బియ్యం మెత్తగా ఉడుకుతుండగా రాగిపిండి వేసి, తెడ్డుతో గెలికి, తడిచేత్తో ముద్ద చేసి వేడిగా వడ్డిస్తారు. ఆ ముద్ద నడుమ గుంట చేసి నెయ్యి వేసుకొని, చిన్న తునక తుంచి, నాటుకోడి పులుసులో అద్ది మింగేయడమే పద్ధతి. నమిలితే పళ్లకు అంటుకుంటుంది. 100 గ్రాముల రాగుల్లో 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది గానీ, మనం వెళ్లేది అందుకోసం కాదు లెండి.

శాకాహారులకు ఊరుబిండి, అంటే వేరుశనగ పచ్చడి, ఉంటుంది. కారం ఎక్కువే, పక్కన మజ్జిగ ఉంచుకోండి. చలికాలం కనుక పితికిపప్పు ఉందేమో తప్పక అడగండి: అనపగింజలను నానబెట్టి, ఒక్కొక్క గింజనూ వేళ్ల మధ్య పితికి, తొక్క వదిలించి వండే ఈ కూరకు నా మటుకు నాటుకోడి కూడా సాటిరాదు.

తిరుమలలో మాంసాహారం నిషిద్ధం కాబట్టి, దర్శనానికి వెళ్లేవారు మాంసం కూరలు పార్సిల్ కట్టించుకొని కొండెక్కవద్దు. అలిపిరి తనిఖీలో ఆపేస్తారు.

సంగటి ఎందరికి కావాలో శుక్రవారం సాయంత్రంలోగా ఇక్కడే తెలియజేయగలరు.