గంట ముందొచ్చిన పది మంది

ఒరే మామా,

ఎలా ఉన్నావు? వాట్సాప్ ఉండగా ఈ పొడుగు ఉత్తరం ఏంట్రా అనుకుంటావేమో. వాయిస్ మెసేజ్ పంపితే నువ్వు డబుల్ స్పీడులో వింటావని నాకు తెలుసు. ఇదైతే కూర్చుని చదవాల్సిందే. పైగా ఇందులో మీ తాతతో ఒక పని ఉంది. అది చివర్లో చెప్తా, ముందే అక్కడికి దూకకు.

మొన్న శని, ఆదివారాలు మేం పది మందిమి అల్పుహర్రా వెళ్లొచ్చాం. నేను చదువుకుంటున్న గ్రనాడా నుంచి చూస్తే కనిపించే సియెర్రా నెవాడా కొండలు ఉన్నాయి కదా, వాటికి అవతలి వాలు. స్పెయిన్ ప్రధాన భూభాగంలో అన్నిటికన్నా ఎత్తైన శిఖరం ములాసెన్ అక్కడే ఉంది, దాదాపు 3,480 మీటర్లు. దాని కింద పొకేయిరా అనే లోయ. లోయ అంచున మెట్ల మీద బొమ్మలు పెట్టినట్టు మూడు ఊళ్లు: కింద పంపనేయిరా, నడుమ బుబియోన్, పైన కపిలేయిరా. మేం పై ఊళ్లో రెండు రోజులకు ఇల్లు అద్దెకు తీసుకున్నాం.

బ్యాచ్‌లో ఇద్దరు ఇటలీ అమ్మాయిలు, ఒక మొరాకో అమ్మాయి, పోలండ్ వాడు, మెక్సికో వాడు, ఇంకో నలుగురు. తెలుగువాణ్ని నేనొక్కణ్నే. ఎలా జరిగిందో ఏమో, డబ్బులు వసూలు చేసే పని నా నెత్తిన పడింది. ఇండియా వాళ్లు లెక్కల్లో గట్టి అన్నారు. ఎమ్-2లో నాకెన్ని సప్లీలున్నాయో వాళ్లకేం తెలుసు!

మామా, నిజం చెప్తున్నా, థర్డ్ ఇయర్‌లో అరకు ట్రిప్ మొత్తం నువ్వొక్కడివే మోశావు కదా, ఆ బాధ నాకిప్పుడు అర్థమైంది. ఇంటి అద్దె తలా ఇరవై ఆరు యూరోలు అంటే ఒకడు హాల్లో సోఫా మీద పడుకుంటాను కాబట్టి ఇరవై ఇస్తానంటాడు. బస్ టికెట్ తీశాక ఒకమ్మాయి 'నేను రావడం డౌట్' అంటుంది. పోలండ్ వాడైతే 'నేను గుడ్లు తినలేదు, గుడ్ల డబ్బులు ఇవ్వను' అన్నాడు. ఆ మాట వినగానే అరకులో బొంగు చికెన్ దగ్గర నేను నీతో పెట్టుకున్న గొడవ గుర్తొచ్చి, నోరు మూసుకుని వాడి వాటా నేనే వేసుకున్నా.

సరే, ప్రయాణం. బస్సు గ్రనాడా దాటిన కాసేపటికి ఒక కనుమ వస్తుంది. దాని పేరే 'మూర్ నిట్టూర్పు' (మూర్ అంటే ఇక్కడి పాతకాలపు ముస్లిం). 1492 జనవరి 2న గ్రనాడాను అప్పగించేసి వెళ్తూ ఆఖరి ముస్లిం రాజు బోయబ్దిల్ అక్కడ ఆగి, వెనక్కి తిరిగి చూసి నిట్టూర్చాడని కథ. వాళ్లమ్మ ఓదార్చకపోగా, మగాడిలా కాపాడుకోలేకపోయావు, ఇప్పుడు ఆడదానిలా ఏడువు అని కసిరిందట. మధ్యలో ఆడవాళ్లేం చేశారని ఇటలీ అమ్మాయి పోలండ్ వాడితో అరగంట వాదించింది, కథ వాడే రాసినట్టు. లన్హరోన్ దాటాక ఘాట్ రోడ్డు మొదలైంది, వాదన దానంతటదే ఆగిపోయింది. ఇద్దరికీ కవర్లు కావాల్సి వచ్చాయి.

ఓర్హివా అనే ఊరి దగ్గర నారింజ తోటలు కనిపించాయి. నారింజను వీళ్లేమంటారో తెలుసా? 'నరంహ'. మూలం మన ద్రావిడ భాషల్లోనే ఉందని, సంస్కృతం, పారశీకం, అరబ్బీ మీదుగా ఇక్కడికి చేరిందని చెప్తారు. నేను వీసా కోసం రెండు నెలలు టెన్షన్ పడ్డాను. అది మాత్రం ఏ స్టాంపూ లేకుండా వచ్చి సెటిలైపోయింది.

ఇప్పుడు అసలు విషయం. కపిలేయిరాలో బస్సు దిగి, సామాను పడేసి, ఊరి పై అంచుకు ఎక్కాం. అక్కణ్నుంచి కిందకి చూస్తే నాకు నోట మాట రాలేదు. అండలూసియాలో, అంటే ఈ దక్షిణ స్పెయిన్‌లో, ఎక్కడ చూసినా ఎర్ర పెంకుల ఇళ్లే. ఇక్కడ ఒక్క పెంకు లేదు! తెల్లసున్నం గోడలు, వాటి మీద చదునుగా బూడిద రంగు మట్టి మిద్దెలు. ఒకరి మిద్దె వెనకింటి వాళ్ల వాకిలంత ఎత్తులో ఉంటుంది. మిద్దె మీద టోపీ పెట్టుకున్న గుండ్రటి పొగగొట్టం. అది ఒక్కటీ తీసేస్తే మా అవ్వ వాళ్ల ఊరే.

కట్టే పద్ధతి కూడా మనదే రా. చెస్ట్‌నట్ దూలాలు, వాటి మీద పలకరాళ్లు, ఆ పైన 'లౌనా' అనే బూడిద రంగు మన్ను దట్టిస్తారు. అది తడిస్తే బిగుసుకుపోయి నీటిని కిందికి దిగనివ్వదు. మనం చౌడు వేసినట్టే! వానలకు ముందు చౌడు పోయించకపోతే ముంగారిలో ఇల్లంతా గిన్నెలు, చెంబులు పెట్టుకుని కూర్చునేవాళ్లం, గుర్తుందా? మిద్దె మీద మనం శనక్కాయలు, వడియాలు ఎండబెడితే వీళ్లు అత్తిపండ్లు, ఎర్ర మిరపకాయలు ఎండబెడతారు. నేనిదంతా ఉత్సాహంగా చెప్తుంటే మొరాకో అమ్మాయి తన ఫోన్‌లో అట్లాస్ కొండల్లో వాళ్ల అమ్మమ్మ ఊరి ఫొటో తీసి చూపించింది. అచ్చం ఇదే. ఈ ఊళ్లు కట్టిన చేతులు అటువైపు నుంచే వచ్చాయి కాబట్టి ఆమెది చుట్టరికం. మనది ఏమిటంటే, మట్టి ఒకేలాంటిదైతే బుర్రలూ ఒకేలా పనిచేస్తాయి కాబోలు.

రాత్రి తిండి. ఇక్కడ పేరున్న పళ్లెం ఒకటుంది. వేయించిన బంగాళాదుంపలు, గుడ్డు, మిరపకాయలు, వాటి చుట్టూ మూడు రకాల పంది మాంసం. నేనూ మొరాకో అమ్మాయీ దానికి దూరం నుంచే దండం పెట్టి, 'మీగాస్' అనేది చెప్పాం. వానొచ్చిన రోజు ఇళ్లల్లో చేసుకుంటారట. వచ్చింది. చూశా. ముద్ద నోట్లో పెట్టుకున్నా. రవ్వ, నూనె, వెల్లుల్లి. ఉప్మా మామా, ఉప్మా! పొడిపొడిగా వేయించిన ఉప్మా, పక్కన ద్రాక్షపండ్లు. హాస్టల్లో నాలుగేళ్లు ఎవరి మీదైతే పోరాటం చేశామో, అది సముద్రాలు దాటి వచ్చి నా ముందు కూర్చుంది. బాగుంది అని ఒప్పుకోవడానికి మనసు రాలేదు గానీ, రెండో ప్లేటు చెప్పా.

ఆదివారం లోయలోకి దిగి, వాగు దాటి, చెస్ట్‌నట్ చెట్ల కింద నడిచి, మూడు ఊళ్లూ తిరుగుతూ పంపనేయిరా చేరాం. ఆకులన్నీ పసుప్పచ్చగా తిరిగాయి. అంతకన్నా వర్ణించను, ఫొటోలు పంపా కదా. పంపనేయిరాలో ఒక నీటి ధార ఉంది. పెళ్లికాని వాళ్లు పెళ్లి చేసుకోవాలనే ఉద్దేశంతో ఆ నీళ్లు తాగితే వెంటనే జోడీ దొరుకుతుందని గోడ మీద రాసి పెట్టారు. మీ అమ్మ పడే బాధ చూడలేక నీకోసం ఒక సీసా నింపా. విమానంలో తేనివ్వరులే, అదొక్కటే నీ అదృష్టం.

ఇక నా ఘనకార్యం. మా ఇంట్లో పది మందికి రెండే ప్లగ్గులు. శనివారం రాత్రి వంతుల గొడవలో నా ఫోన్ చచ్చింది. అయినా ధైర్యంగా ఉన్నా, చేతికి నువ్విచ్చిన వాచీ ఉంది కదా. ఆదివారం పొద్దున్నుంచీ ఎవరూ టైమ్‌కి కదలడం లేదు. 'లేట్, లేట్' అని నేను సణుగుతూనే ఉన్నా. సాయంత్రం ఐదుంపావుకి బస్సు. అది పోతే ఆ రాత్రికి మళ్లీ ఇల్లు వెతకాలి, మళ్లీ వసూళ్లు! వాచీలో నాలుగున్నర అయ్యేసరికి అందర్నీ కాఫీలు సగంలో వదిలించి లేపా. మెక్సికో వాడు 'ఇప్పుడు మూడున్నరే కదా' అన్నాడు. 'నీ ఫోను మెక్సికో టైమ్ చూపిస్తోంది, నడువ్' అన్నా. ఇటలీ అమ్మాయి బిల్లు దగ్గర చిల్లర కూడా తీసుకోలేదు. ఆయాసపడుతూ బస్‌స్టాప్‌కి పరిగెత్తాం. చేరి ఊపిరి తీసుకుంటుంటే చర్చి గంట కొట్టింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు. ఐదోది కొడుతుందని నేను చాలాసేపు ఎదురుచూశా.

అక్టోబరు చివరి ఆదివారం. తెల్లవారుజామున మూడింటికి ఇక్కడ దేశమంతా గడియారాన్ని రెండుకి తిప్పుకుంది. ఫోన్లు వాటంతటవే మారాయి. మారనిది నువ్విచ్చిన వాచీ, దాన్ని నమ్ముకున్న నేను. తొమ్మిది మంది ఏమీ అనకుండా నావైపు చూశారు చూడు, తిట్టినా బాగుండేది. (అన్నట్టు, ఇక నుంచి మనిద్దరికీ నాలుగున్నర గంటల తేడా. రాత్రి పన్నెండు తర్వాత ఫోన్ మోగితే నన్ను తిట్టకు.)

అందరూ మళ్లీ కాఫీకి పోయారు. సిగ్గుతో నేను సామాన్లకు కాపలా ఉంటానన్నా. మొరాకో అమ్మాయి, మెక్సికో వాడు జాలిపడి నాతో ఉండిపోయారు. అప్పుడొచ్చాడు ఒక ముసలాయన. ఎనభై దాటి ఉంటాయి. భుజాన పార. వచ్చి మా బెంచీ మీదే కూర్చున్నాడు. అచ్చం మీ తాత కూర్చున్నట్టు, పార కాళ్ల మధ్య నిలబెట్టుకుని. బస్సు గంట తర్వాత కదా అన్నాడు. నా వాచీ కథ మెక్సికో వాడు అభినయంతో సహా చెప్పాడు. ముసలాయన కడుపుబ్బ నవ్వాడు. ఇక్కడివాళ్లు మాటల్లో ఆఖరి అక్షరాలు మింగేస్తారు. స్పానిష్ మాతృభాష అయిన మెక్సికో వాడికే సగం అర్థమైంది, ఇక నా సంగతి చెప్పాలా?

నేను చదివేది నీళ్ల గురించి అని తెలిశాక ఆయన ముఖం మారింది. ఆయన చాలా ఏళ్లు ఊరి 'అసేకియా' చూసుకున్నాడట. అంటే కాలువ. మొరాకో అమ్మాయి వెంటనే 'సాకియా!' అంది. అరబ్బీ మాటే అది. కొండ మీద మంచు కరిగిన నీటిని వాలు వెంబడి మట్టి కాలువల్లో తెచ్చి, పొలాలకు వంతులేసి వదలడం ఆయన పని. మన నీరుగంటి! ఆయకట్టుదార్ల సంఘం ఉంటుంది, మడవలు ఉంటాయి, పూడిక తీత ఉంటుంది, అన్నీ ఉంటాయి.

ఇంకో రకం కాలువలు ఉన్నాయి, అవి మాకు క్లాసులో చెప్పారు. వసంతంలో నీళ్లు ఎక్కువగా ఉన్నప్పుడు వాటిని పొలానికి తీసుకెళ్లరు. కొండ మీదే రాయి పగుళ్లున్న చోటికి మళ్లించి నేలలోకి ఇంకనిస్తారు. అవి లోపల్లోపలే మెల్లగా దిగి, ఎండాకాలంలో కింది ఊళ్ల ఊటల్లో పైకి వస్తాయి. దీన్నే నీళ్లు విత్తడం అంటారు. జనం వలసపోయి చాలా కాలువలు పూడిపోతే, 2014 నుంచి మా యూనివర్సిటీ వాళ్లే వాలంటీర్లతో కలిసి పూడిక తీయిస్తున్నారు. క్లాసులో ఇది స్లైడ్ మీద బాణం గుర్తు. ఇక్కడ ముసలాయన పార కొనతో నేల మీద గీసి చూపిస్తుంటే ఎంత తేడా ఉందో! మన అనంతపురం గొలుసుకట్టు చెరువుల గురించి నాకొచ్చిన ముక్కల్లో నేనూ చెప్పా. పై చెరువు అలుగు పారితే కింది చెరువు నిండుతుందంటే తలూపాడు, ఇందులో కొత్తేముంది అన్నట్టు.

ఇంకో కథ కూడా చెప్పాడు. 1568లో ఇక్కడి మోరిస్కోలు, అంటే బలవంతంగా క్రైస్తవులైన ముస్లింలు, రాజు మీద తిరగబడ్డారు. 1571 కల్లా అణిచేసి వాళ్లను వెళ్లగొట్టారు. ఉత్తరాది నుంచి కొత్త జనాన్ని తెచ్చి పెట్టారు. వాళ్లకు ఈ కాలువల సంగతి తెలీదు. అందుకని ఊరికి రెండు మోరిస్కో కుటుంబాలను నేర్పించడానికి ఉండనిచ్చారని పెద్దవాళ్లు చెప్పేవారట. మొరాకో అమ్మాయి అంతవరకూ మాట్లాడుతూనే ఉంది, ఇది విన్నాక కాసేపు కొండకేసి చూస్తూ కూర్చుంది.

ఆయన మళ్లీ నా వాచీ చూసి నవ్వాడు. వాళ్ల నాన్న కాలంలో పొలాల్లో వాచీలు లేవు, రాత్రి వంతులు నక్షత్రాలను చూసి మార్చేవారట. "నిన్న రాత్రి రెండు గంటలు రెండుసార్లు అయింది కదా, ఆ ఎక్కువ గంట నీళ్లు ఎవరివి?" అని అడిగాడు. నేను తెల్లముఖం వేశా. ఆయన సీరియస్‌గా, "కాలువకు దగ్గరున్నోడివి" అన్నాడు.

తర్వాత ఇంకొకటి అడిగాడు. దానికోసమే ఈ ఉత్తరం. మీ చెరువు కింద రాత్రి నీళ్ల వంతు అయిపోయిందని ఎలా లెక్కపెట్టేవాళ్లు, ఏ చుక్క చూసేవాళ్లు అని. నాకు తెలీదు రా. ఇంతలో మనవాళ్లు వచ్చారు, బస్సు వచ్చింది. కనుక్కుని చెప్తానని మాటిచ్చా. మళ్లీ నెల కపిలేయిరా వెళ్తాం (ఈసారి వసూళ్లు పోలండ్ వాడివి). మీ తాతను అడిగి రాయి. ఫోన్‌లో రికార్డు చేస్తే ఇంకా మంచిది. తూము ఎత్తేటప్పుడు ఆయన పాడే పదం కూడా పాడమను, సిగ్గుపడితే అవ్వ చేత చెప్పించు.

ఇంకోటి. బొంగు చికెన్ వాటా 240 రూపాయలు నీకు ఫోన్‌పే చేయమని మా తమ్ముడికి చెప్పా. తినలేదన్నాను గానీ, నువ్వు చెయ్యి కడుక్కోవడానికి వెళ్లినప్పుడు రెండు ముక్కలు తిన్నా.

ఇట్లు,
నీ పాత రూమ్మేట్