సంక్రాంతి లెక్క మే నెలకు పనికిరాదు

ఒరేయ్ దోస్త్,

రాత్రి నువ్వు పంపిన ఫొటో చూశాక నాకు నిద్ర పట్టలేదు. పెళ్లి వీడియో రెండర్ అవుతోంది (ఎడిట్ చేసింది ఫైలుగా తయారవుతోంది), తెర మూలన నీ కంప్యూటర్ ప్రాసెసర్ వేడి 92 డిగ్రీలని ఎర్రగా వెలుగుతోంది, కింద నువ్వేమో "వంద దాకా ఏం కాదంట కదా" అని రాశావు. ఫోన్‌లో చెప్తే సగమే వింటావు, అందుకే కూర్చుని రాస్తున్నా.

నీ ఐ5-8600కె చిప్పుకు ఇంటెల్ పెట్టిన హద్దు 100 డిగ్రీలు, నిజమే. కానీ అక్కడికి చేరగానే ప్రాసెసర్ తనను కాపాడుకోవడానికి వేగం తగ్గించేస్తుంది. వేడి ఇంకా పెరిగితే సిస్టమ్ మొత్తం ఆగిపోతుంది. గంటల తరబడి నడిచే రెండర్‌కు నా లెక్క వేరు: 80 లోపుంటే నిశ్చింత, 85 దాకా ఓర్చుకుంటా, 90 దాటితే సెట్టింగ్ మార్చాల్సిందే. ఎక్కువ వోల్టేజీ, ఎక్కువ వేడి కలిసి చిప్పులోని సన్నని తీగల్ని మెల్లమెల్లగా తినేస్తాయి. నువ్వు ఓవర్‌క్లాక్ చేసి, అంటే కంపెనీ పెట్టిన వేగాన్ని మించి పెంచి, ఇవాళ నిలబెట్టిన 4.9 గిగాహెర్ట్జ్ కొన్నాళ్లకు నిలబడకపోవచ్చు. రైజెన్ 7000 చిప్పులకు 95 మామూలేనని వాటి కంపెనీ ఏఎండీ చెప్పిన మాట నీకెవరో చెప్పి ఉంటారు. అది వాటికోసం చెప్పింది, నీ చిప్పుకు వర్తించదు.

సంక్రాంతికి నేనొచ్చినప్పుడు ఇలాంటి రెండర్‌కే వేడి 78 దగ్గర ఆగింది, గుర్తుందా? ఆ రాత్రి గది 22 డిగ్రీలు. అంటే వేడిని లాగేసే హీట్‌సింక్ ఉన్నా నీ చిప్పు గదికన్నా 56 డిగ్రీలు పైన నిలబడుతోంది. ఇప్పుడు గది 36, దానికి ఆ 56 కలుపు, నీ 92 వచ్చేసింది. చిప్పులో తేడా ఏం లేదురా, మారింది పాలమూరు ఎండ. మా దగ్గరా ఇంతే, పొద్దు గూకినా లతీఫ్ సాహెబ్ గుట్ట మీద బండలు సెగ కక్కుతూనే ఉంటాయి. మే నెలలో మధ్యాహ్నం గది 40 అయితే నీది 96. పెళ్లిళ్ల సీజనూ అప్పుడే కదా!

అందుకే 4.7కి దిగు. వోల్టేజీని 1.36 నుంచి 1.26కి తెచ్చి చూడు. వేడి వేగంతో పాటు వోల్టేజీ వర్గంతో (వోల్టేజీని వోల్టేజీతోనే గుణిస్తే వచ్చేదానితో) పెరుగుతుంది కాబట్టి వేగం 4 శాతమే పోతుంది, వేడి మాత్రం దాదాపు 18 శాతం తగ్గుతుంది. 56 కాస్తా 46 అవుతుంది, ఇదే గదిలో 82 చూపిస్తుంది. అంత తక్కువ వోల్టేజీకి సిస్టమ్ ఆగిపోతుంటే 0.01 చొప్పున పెంచుకుంటూ పో. ప్రాసెసర్‌ను గట్టిగా పరీక్షించే ప్రైమ్95 ప్రోగ్రామ్‌లో నడిపి భయపడకు, అది మామూలు పనికన్నా చాలా ఎక్కువ వేడెక్కిస్తుంది. నీ సొంత రెండర్ అరగంట నడిపి చూడు, అదీ మధ్యాహ్నం రెండింటికి.

ఇంకోటి. కంప్యూటర్ సైడ్ ప్యానెల్ తీసి ఎయిర్ కూలర్ ఎదురుగా పెట్టడం మానెయ్. తుంపర లోపలికి కొడుతుంది. మన నీళ్లలో ఉప్పు ఎంతో నీకు తెలుసు. పోయిన ఏడాది మా ర్యామ్ స్లాటు పక్కన తెల్లటి చార చూసి నా గుండె జారిపోయింది. అదే రోజు ఫ్యాన్ విప్పితే హీట్‌సింక్ రేకుల మీద దుమ్ము గొంగడిలా అల్లుకుపోయి ఉంది, గోటితో పట్టి లాగితే ముక్కగా ఊడొచ్చింది. కింద, చిప్పుకూ హీట్‌సింక్‌కూ మధ్య పూసే థర్మల్ పేస్టు ఎండిన సున్నంలా పొడిపొడిగా రాలింది. రెండూ శుభ్రం చేసి కొత్త పేస్టు బియ్యపు గింజంత పెట్టానంతే, 93 చూపించేది 81కి వచ్చింది. నీది మూడేళ్లుగా విప్పలేదు కదా?

ఆదివారం పొద్దున బస్సుకే దేవరకొండ మీదుగా వస్తా. పేస్టు, బ్రష్షు నేనే తెస్తా, నువ్వు కొనకు. అప్పటిదాకా ఆ పెళ్లి వీడియో రాత్రి పది దాటాకే రెండర్ పెట్టు. గోడకు ఒక థర్మామీటర్ కూడా తగిలించు, గది ఎంతుందో నాకు రోజూ మెసేజ్ చెయ్.

అమ్మకు నమస్తే చెప్పు.

నీ నల్లగొండ దోస్త్